మక్క వేయాలా వద్దా: వియ్యపురాలితో హైటెక్ సిటీలో ఒక రోజు

రోహిణి కార్తె ఎండలు మాడ్చేస్తున్న రోజుల్లో మా వియ్యపురాలు సత్తెమ్మగారు ఫోన్ చేశారు. "వదినె, ఎల్లుండి నీ దగ్గరికి వస్తున్న. హైటెక్ సిటీల జర పనున్నది. తోడు వస్తవా?" అన్నారు. ఆవిడది సదాశివపేట దగ్గర పల్లె, చేసేది వ్యవసాయం. మా అమ్మాయి సౌమ్యని ఆవిడ కొడుకు మహేశ్‌కి ఇచ్చాం. పిల్లలిద్దరూ నార్సింగిలో ఉంటారు కానీ ఇద్దరికీ ఆఫీసులు. వాళ్లచేత సెలవు పెట్టించడం ఇష్టం లేక ఆవిడ మదీనాగూడలో ఉన్న నన్ను అడిగారు. నాది ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి నాకు సెలవులకేం కరువని ఆవిడ నమ్మకం. అది పూర్తిగా తప్పు కూడా కాదు.

ఇక్కడ మా గుడివాడ వైపు మర్యాద ఒకటి చెప్పాలి. వియ్యాలవారింటికి ఊరికే చూసిపోదామని వస్తున్నట్టు మాలో ఎవరూ చెప్పరు. ఏదో పని మీద వచ్చాం, దారిలోనే కదా అని తొంగిచూశాం అంటారు. ఆ పని ఏమిటని అడగడం అమర్యాద. ఆ లెక్కన సత్తెమ్మగారి "జర పని" కూడా సాకేనని, పాపం ఆవిడకి హైటెక్ సిటీ చూడాలని ఉందని నేను ఖాయం చేసేసుకున్నాను. మెట్రో, దుర్గం చెరువు, తీగల వంతెన, మధ్యాహ్నం మంచి భోజనం, సాయంత్రం బట్టల కొట్టు అంటూ కాగితం మీద కాకపోయినా మనసులో పెద్ద కార్యక్రమమే వేసుకున్నాను.

ఆవిడ తెల్లారుజామున బయల్దేరి ముంబై హైవే బస్సులో ఎనిమిది గంటలకల్లా మదీనాగూడలో దిగారు. సదాశివపేట, సంగారెడ్డి వైపు నుంచి వచ్చేవాళ్లకి ఇదే సుఖం. నగరం లోపలి దాకా వెళ్లక్కర్లేదు, హైవే మీదే దిగిపోవచ్చు. చేతిలో ఒక గుడ్డసంచీ, భుజాన కొత్త చీర కొంగు, ముఖంలో కాస్త కంగారు. కంగారు ప్రయాణబడలికేమో అనుకున్నాను. ఇంటికి తీసుకెళ్లేముందే దారిలో యాదగిరి దోశ బండి దగ్గర ఆపాను. మీరు ఉదయం పూట ఇటు వస్తే ఆ గుడ్డు దోశ తినకుండా వెళ్లకండి, ఇద్దరికీ కలిపి నూటయాభై లోపే అవుతుంది. ఆ రోజు మాత్రం గుడ్డు దోశ పది రూపాయలు పెరిగి ఉంది. నేను ఊరుకుంటానా?

"ఏం యాదగిరీ, గుడ్డు నువ్వే పెడుతున్నావా ఏంటి, ఇంత రేటు?"

"నేనేం చెయ్యాలె మేడమ్? మక్కలన్ని పెట్రోల్ల కలపనీకి పోతున్నయట. కోళ్ల దాణా పిరమైంది. దాణా పిరమైతే గుడ్డు పిరం, గుడ్డు పిరమైతే నాకు పరేషాన్."

మక్కలంటే మొక్కజొన్నలు. ఆ మాట వినగానే సత్తెమ్మగారు దోశ ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగారు. "మక్కకు నాలుగు పైసలు కండ్ల చూసింది ఈ రెండు మూడేండ్లే తమ్మీ. గది కూడా ఓర్వలేరా?"

"నువ్వు మక్క పండిస్తవా అక్కా? అట్లయితే నీ దోశకు ఇంకో పది ఎక్కువ తీస్కోవాలె!" అన్నాడు యాదగిరి. ముగ్గురం నవ్వుకున్నాం. ఆవిడ నవ్వు అందరికంటే ముందు ఆగిపోవడం నేను గమనించాను కానీ, ఉల్లిపాయ చట్నీ బాగుండటంతో దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు.

మదీనాగూడ నుంచి హైటెక్ సిటీకి దగ్గర దారి కొండాపూర్ మీదుగా. ఆటోలో రెండువందల చిల్లర, రద్దీ లేకపోతే అరగంట. నేను మాత్రం మెట్రో చూపించాలన్న ఉత్సాహంతో ఆవిడని మియాపూర్ తీసుకెళ్లి రైలెక్కించాను. కూకట్‌పల్లి, మూసాపేట అన్నీ పైనుంచి చూపించుకుంటూ అమీర్‌పేటలో దిగి, బండి మారి, మళ్లీ వెనక్కి హైటెక్ సిటీ వైపు తిప్పాను. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమంటే ఇదే. టికెట్టు మనిషికి వంద లోపే, చల్లగా కూర్చుని వెళ్లొచ్చు కాబట్టి తీరిక ఉన్నవాళ్లకి ఈ దారే చెబుతాను. తీరిక లేనివాళ్లు మాత్రం పొరపాటున కూడా ఇటు రావద్దు. సత్తెమ్మగారు మాటిమాటికీ ఫోన్లో టైము చూసుకుంటున్నారు. "బాగుందా వదినగారూ?" అంటే "మస్తుంది వదినె" అంటున్నారు. ఆవిడ వైపు మర్యాద కూడా తక్కువదేమీ కాదు. వియ్యపురాలు పెట్టింది తినాలి, చూపించింది చూడాలి, వద్దు అనకూడదు.

దుర్గం చెరువు స్టేషన్లో దిగి, ఆటోలో చెరువు గట్టుకి చేరి, తీగల వంతెన ముందు నిలబెట్టి ఆవిడకి ఫొటో తీయబోతుంటే అప్పుడు బయటపడ్డారు. "వదినె, ఏమనుకోకు. పదకొండు గొట్టంగ రాయదుర్గంల ఒక సారును కలవాలె నేను. గా పని అయినంక నువ్వు ఏడికి రమ్మంటె గాడికి వస్త." అప్పటికి పదకొండుకి పావుగంట తక్కువ.

నిజంగానే పని ఉంది! అదేం చిన్న పని కాదు. వాళ్ల ఊళ్లో రైతులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. రెండేళ్ల కిందట సత్తెమ్మగారే ఇల్లిల్లూ తిరిగి, పత్తి తగ్గించి మక్క వేయమని అందరినీ ఒప్పించారు. అటువైపే పెట్టిన ఒక ఇథనాల్ ఫ్యాక్టరీ ఆ మక్క కొంటోంది. ఇప్పుడు అమెరికాతో వాణిజ్య ఒప్పందమని, దాంతో అక్కడి దాణా సరుకు తక్కువ సుంకంతో దిగుతుందని, ఇక్కడి మక్కకి గిరాకీ పడిపోతుందని టీవీలో విని ఊరంతా బెదిరిపోయింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర అడిగితే "అంతా హెడ్డాఫీసు ఇష్టం" అన్నారట. ఆ హెడ్డాఫీసు రాయదుర్గంలో అద్దాల భవనంలో ఉంది. "మిరుగు వచ్చేస్తున్నది వదినె. విత్తనం తేవాలె. మక్క వెయ్యాల్నా వద్దా అని ఊరంత నా ముఖం చూస్తున్నది. వెయ్యమన్నది నేనే కద" అన్నారు ఆవిడ. మృగశిర కార్తెని వాళ్లు మిరుగు అంటారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు తల తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వెంటనే ఆటో పట్టాను. డ్రైవరు నూటయాభై అడిగాడు, రెండు కిలోమీటర్లకి అది దోపిడీయే. బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను. అతను మహబూబ్‌నగర్ వైపు మనిషి, పేరు నర్సింలు. విషయం విని సందుల్లోంచి తిప్పాడు. "ఫికర్ చెయ్యకు అవ్వా, తీస్కపోతా. కానీ ఒకటి చెప్పు, నా మోటర్ సైకిల్ల ఎవ్వరి మక్కలు పోస్తున్నరు? మైలేజ్ తగ్గింది!" అన్నాడు. "మావే అయివుంటయి బిడ్డా, జర మెల్లగ నడుపు" అన్నారు సత్తెమ్మగారు. ఆ కంగారులో కూడా ఆవిడకి మాట తడబడలేదు.

ఇలాంటి ఆఫీసులకి వెళ్లేవాళ్లకి ఒక మాట. ఆధార్ కార్డు చేతిలో ఉండాలి, ఫోన్‌కి వచ్చే నంబరు చెప్పాలి, ఫొటో దిగాలి, సంచీ యంత్రంలో పెట్టాలి. మెడలో బిళ్ల తగిలించుకుని మేము పైకి చేరేసరికి పదకొండున్నర. కొనుగోళ్లు చూసే మేనేజరు రఘుగారు అప్పటికే ఇంకో మీటింగులోకి వెళ్లిపోయారు. ఒంటిగంటకి భోజనానికి కిందికి దిగుతారని, అక్కడైతే కలవొచ్చని రిసెప్షన్ అమ్మాయి జాలిపడి చెప్పింది. సోఫాలో కూర్చున్నంతసేపూ నేను నా మర్యాదని నానా తిట్లు తిట్టుకున్నాను. "పోనీ వదినె, మెట్రో గూడ చూసిన కద" అని సత్తెమ్మగారే నన్ను ఓదార్చారు.

కింద ఫుడ్ కోర్టులో భోజనం నూటఎనభై. పప్పు, సాంబారు, రెండు కూరలు, పెరుగు. రుచి ఫరవాలేదు, రద్దీ మాత్రం తిరునాళ్లే. రఘుగారు ముప్పయ్యేళ్లు దాటిన మనిషి, రాజమండ్రి యాస. మేము ఆలస్యంగా వచ్చామని విసుక్కోలేదు. పళ్లెం పట్టుకుని మా బల్ల దగ్గరే కూర్చున్నారు.

"అమ్మగారూ, ఉన్నదున్నట్టు చెప్తానండి" అని మొదలుపెట్టారు. "మీ మొక్కజొన్న పులియబెట్టి ఇథనాల్ తీస్తాం. అది పెట్రోల్లో కలుస్తుంది. మిగిలిన పిప్పి ఎండబెట్టి కోళ్ల దాణాకి, పశువుల దాణాకి అమ్ముతాం. ఇథనాల్ ధర మా చేతిలో లేదండి, పైనుంచి వస్తుంది. ఎంత కొంటారో చమురు కంపెనీలు చెప్తాయి. ఫ్యాక్టరీలు ఎక్కువైపోయి మా వంతు తగ్గింది. ఇంక మాకు కాస్త మిగిలేది పిప్పి మీదే. ఇప్పుడు ఒప్పందంలో బయటి పిప్పి చవగ్గా దిగితే, ఇక్కడి కోళ్లవాళ్లు అదే కొంటారు. వాళ్లని అనడానికి లేదు, రెండేళ్లుగా దాణా ధరలకి వాళ్లూ విలవిల్లాడుతున్నారు. మాకు రాబడి తగ్గితే, తగ్గించడానికి మా చేతిలో ఉన్న ధర ఒక్కటేనండి."

"మక్క ధర" అన్నారు సత్తెమ్మగారు.

"అవునండి."

"అంటే గాడోళ్లు గీడోళ్లు కూసోని మాట్లాడుకుంటె, కోత నా చేను మీదనా?"

రఘుగారు అన్నం కలుపుతూ ఆగిపోయారు. "నా ఉద్యోగం కూడా ఆ ఫ్యాక్టరీ మీదే ఉందండి" అన్నారు. ఆ మాట దబాయింపులా లేదు. ఆయన భయం కూడా అందులో వినిపించింది.

నేనైతే ఇంక లేచి వెళ్లిపోదామనుకున్నాను. కానీ సత్తెమ్మగారి పద్ధతి వేరు. మా పిల్లల పెళ్లి మాటలప్పుడు పెట్టుపోతల గురించి ఆవిడ ఒక్క ముక్క అడగలేదు. "మీ పిల్ల అలిగితే ఎన్ని దినాలు అలుగుతది?" అని అడిగారు. మేం తెల్లబోయాం. "మంచిగున్ననాడు అందరు మంచోళ్లే. బాగలేని నాడు ఎట్లుంటరో గది మాట్లాడుకోవాలె" అని అప్పుడన్నారు. రఘుగారి దగ్గరా అదే వరస.

"ధర సంగతి ఇడిసిపెట్టు బిడ్డా. గది నీ తోని కాదు, నా తోని కాదు. ధర పడిపోయిననాడు మా లారీని గేటు కాడ వారం దినాలు నిలబెడతవా, లోపటికి తీస్కుంటవా? గంతే చెప్పు."

రఘుగారు ఆలోచించారు. "తేమ సరిగ్గా ఉంటే మీ సంఘం లారీ ఆపనండి. అది నా చేతిలో పని, రాసిస్తాను. కానీ పోయినేడు మీవాళ్లు పచ్చి గింజ తెచ్చారు. మా గోదాములో బూజు పట్టింది."

"వాన వస్తదని తొందరపడ్డం. తప్పు మాదే" అని ఆవిడ ఒప్పేసుకున్నారు. "ఈపాలి ఎండబెట్టి తెస్తం. దసరా నుంచి దీపావళి దాక మా పంట వస్తది. గప్పటికి నీ ఫ్యాక్టరీ నడుస్తదా?"

"ఆ మాట మాత్రం గట్టిగా చెప్తానండి, నడుస్తుంది. అప్పటిదాకా మా దగ్గర ఆర్డర్లు ఉన్నాయి."

"మరి యాసంగికి?"

రఘుగారు నా వైపు, ఆవిడ వైపు చూశారు. "రెండో పంట గురించి మాటివ్వలేనండి. నాకే తెలియదు. వేసుకోండి అని అబద్ధం చెప్పి పంపలేను."

ఆ మాటకి ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. లేచి కౌంటరుకి వెళ్లి మూడు కప్పుల డబుల్ కా మీఠా తెచ్చారు. "మాట కుదిరినంక నోరు తీపి చేస్కోవాలె. తిను బిడ్డా" అని రఘుగారి పళ్లెం పక్కన పెట్టారు. మెడలో బిళ్లలు వేసుకున్న కుర్రకారు వింతగా చూస్తుండగా రఘుగారు బుద్ధిగా తిన్నారు. లారీల మాట కాగితం మీద రాసి సంతకం పెట్టించుకునే వచ్చాం.

అసలు పరీక్ష బయట మెట్ల మీద మొదలైంది. ఆవిడ సంఘం పెద్ద పెంటయ్యకి ఫోన్ కలిపి, చెవికి ఆనించుకోకుండా స్పీకర్లో పెట్టారు. అవతల పదిమంది గుమిగూడి ఉన్నట్టు గోల వినిపిస్తోంది. ఆవిడ ఉన్నదంతా చెప్పారు, యాసంగి సంగతి కూడా దాచలేదు.

"అట్లయితే మక్క ఇడిసిపెట్టి మళ్ల పత్తి ఏద్దాం" అన్నాడు పెంటయ్య.

"బయటి పత్తి మీద సుంకం తీసేసిననాడు నీ పత్తి ఏమైంది మామా?"

"మరి కంది?"

"కంది ఓడలల్ల వస్తనే ఉన్నది."

"సోయా?"

"గా నూనె గూడ ఒప్పందంల ఉన్నదంటున్నరు."

"ఇగ ఏమెయ్యాలె పిల్లా, రాళ్లా?" అన్నాడు పెంటయ్య. అవతల ఎవరో నవ్వారు. నా ఎదురుగా రోడ్డు మీద కార్లు బారులు తీరి ఉన్నాయి. వాటన్నిటిలో పోసే పెట్రోల్లో ఎవరిదో ఒకరి మక్క ఉంటుందని నాకు అంతకుముందు ఎన్నడూ తోచలేదు.

సత్తెమ్మగారు గొంతు సవరించుకున్నారు. "ఇనుండ్రి. పోయినసారి అందరితోని మక్కనే ఎక్కువ ఏయించిన. ఈసారి గట్ల వద్దు. ఎవ్వరైనా సరే, సగమే మక్క. దీపావళి దాక మాట ఉన్నది కాబట్టి గది అమ్ముకుందాం. కడమ సగం జొన్న ఏద్దాం, నడుమ కంది సాల్లు ఏద్దాం. మక్క ఎవ్వరు కొనకపోతే నెత్తి మీద పెట్టుకోని తిరగాలె. జొన్న, కంది కొనకపోతే మనమే తింటం. యాసంగి సంగతి యాసంగికి చూద్దాం. నేను చెప్పింది తప్పయితే నన్నే తిట్టుండ్రి."

కొంచెంసేపు అవతల గుసగుసలు. "తిట్టుడు ఎందుకు పిల్లా, నువ్వు అడిగొచ్చినవ్. మేమైతే గేటు కాడి నుంచే మళ్లొస్తిమి" అన్నాడు పెంటయ్య చివరికి. ఫోన్ పెట్టేసి ఆవిడ మెట్ల మీదే కూలబడ్డారు. నేనూ పక్కన కూర్చున్నాను. చెమట తుడుచుకుని, "గిప్పుడు చూపియ్యి వదినె నీ హైటెక్ సిటీ" అన్నారు.

ఇంక నన్ను పట్టేవారేరీ! ఎండ తగ్గాక మళ్లీ దుర్గం చెరువుకి వెళ్లి పడవ ఎక్కాం. మనిషికి వందా రెండువందల మధ్య ఉంటుంది, సెలవు రోజుల్లో జనం ఎక్కువ కాబట్టి మామూలు రోజున వెళ్లండి. నార్సింగి నుంచి పిల్లలిద్దరూ ఆఫీసులు ముగించుకుని వచ్చి కలిశారు. వంతెన మీద దీపాలు వెలిగేసరికి సత్తెమ్మగారు కోడలి చెయ్యి పట్టుకుని, ఐస్‌క్రీం చప్పరిస్తూ, "గీ కరెంటు మా బోరుకు ఇస్తే ఇంకో పంట తీద్దును" అన్నారు. మహేశ్ వాళ్లమ్మని కారులో మదీనాగూడ దాకా తెచ్చి బస్సెక్కించాడు.

మృగశిర వచ్చిన మూడో రోజున వాళ్లవైపు వాన పడిందట. "గింజ భూమిల పడ్డది వదినె" అని ఫోన్ చేశారు. ఆ మాట విని నాకు ఎందుకంత సంతోషం కలిగిందో చెప్పలేను. నాకు సెంటు భూమి కూడా లేదు. ఎక్కడో రెండు దేశాలవాళ్లు పెద్ద బల్ల చుట్టూ కూర్చుని ఏది రావాలో, ఏది పోవాలో మాట్లాడుకుంటారు. వాళ్లకి వాళ్ల లెక్కలుంటాయి. మన యాదగిరి గుడ్డు చవకవుతుంది, రఘుగారి పిప్పి మిగిలిపోతుంది, సత్తెమ్మగారి మక్కకి ధర పడిపోతుంది. ఇందులో ఎవరు మంచి, ఎవరు చెడ్డ అని తేల్చే తెలివి నాకు లేదు. దీపావళికి ఆ లారీ గేటు దాటుతుందో లేదో కూడా ఇప్పుడు చెప్పలేను. కానీ ఆ రోజు ఆ ఫుడ్ కోర్టులో, ఇచ్చిన మాట ఎంతవరకో, ఇవ్వలేనిది ఎక్కడి నుంచో ఒకరికొకరు దాచుకోకుండా చెప్పుకోవడం చూశాను. అంత చిన్న బల్ల మీద జరిగిన పెద్ద ఒప్పందం నేను ఇంకోటి చూడలేదు.

ఇటువైపు చుట్టాలని తిప్పడానికి తెచ్చేవాళ్లకి నేను ఇచ్చే సలహా ఒక్కటే. మెట్రోనా, ఆటోనా, ముందు వంతెనా, ముందు భోజనమా అని మీరే అన్నీ నిర్ణయించేసి బయల్దేరకండి. వాళ్లు బస్సు దిగగానే, మర్యాద కాస్త పక్కనపెట్టి, మీకేం కావాలని అడగండి. అడిగితే చెబుతారు.